దున్న చీటీ

పల్లాల బూదిరెడ్డికి దున్న చీటీ తగిలేనాటికి అతని కుడి చెయ్యి పనిచెయ్యడం మానేసి రెండేళ్ళ నాలుగు నెలలయింది.

కబురు అతని కూతురు కాంచన ఫోనుకి వచ్చింది. ఆమె చింతలగొంది ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. జ్వరంతో వచ్చినవాళ్ళ వేలు పొడిచి, నెత్తుటి చుక్కని గాజుపలక మీద పలచగా పరిచి, మైక్రోస్కోపు కింద మలేరియాని వెతకడం ఆమె పని. ఆ పూట నలభై స్లైడ్లున్నాయి. ఇరవై రెండోది చూస్తుండగా ఫోను మోగింది. అటవీశాఖ పంపిన రెండు వరుసలూ చదివి, మళ్ళీ చదివి, మిగతా పద్దెనిమిదీ పూర్తి చేశాకే లేచింది. పని సగంలో వదిలే మనిషి కాదు. కానీ ఇంటికి చేరి చూసుకుంటే, కాళ్ళకి చెప్పుల బదులు ల్యాబ్‌లో తొడుక్కునే రబ్బరు స్లిప్పర్లే ఉన్నాయి.

బూదిరెడ్డి అరుగు మీద గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

"నానా, తగిలింది."

"ఎక్కడ తగిలింది? బండి మీంచి పడ్డావా?"

"అది కాదు. దున్న చీటీ."

బూదిరెడ్డి ఆమె మొహంలోకి చూశాడు. పక్షవాతం వచ్చాక అతని మొహం ఎడమవైపు మాత్రమే నవ్వుతుంది. ఆ సగం నవ్వు మెల్లగా వచ్చి, వచ్చినంత మెల్లగానే పోయింది. "ఇప్పుడా," అన్నాడు.

పంతొమ్మిదేళ్ళ క్రితం ఆ కొండల్లో అడవిదున్నలు ఎక్కువైపోయాయి. కాపాడినందుకు మందలు పెరిగాయి, మేత చాలక లోయలోని పొలాల మీదకి దిగాయి. అప్పుడు ప్రభుత్వం ఈ చీటీల పద్ధతి పెట్టింది. మందనుంచి విడిపోయిన ముసలి మగదున్నల్ని ఏడాదికి పన్నెండు లెక్కన గుర్తిస్తారు. వేటాడాలనుకునేవాళ్ళు అప్లికేషన్ పెట్టుకోవాలి. డ్రాలో పేరు రాకపోతే ఆ ఏడాదికి ఒక పాయింటు చేరుతుంది. ఎన్ని పాయింట్లుంటే మరుసటి డ్రాలో అన్ని చీటీలు ఆ పేరున పడతాయి. పేరు వచ్చిన రోజున మాత్రం పాయింట్లన్నీ సున్నా అయిపోతాయి, వేటాడినా, ఆడకపోయినా. కూతురికి రాసివ్వడానికి లేదు, పక్కవాడికి మార్చడానికి లేదు. చీటీ ఎవరిదో ట్రిగ్గరు మీద వేలు వాళ్ళదే కావాలి.

బూదిరెడ్డి మొదటి ఏడు నుంచీ పెడుతూనే ఉన్నాడు. పెళ్ళాం పోయిన ఏడు కూడా పెట్టాడు. పక్షవాతం వచ్చిన ఏడు ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఎడమచేతి బొటనవేలితో ఒక్కో అక్షరం నొక్కుతూ పెట్టాడు. "ఎందుకు నానా, వచ్చినా ఏం చేస్తావు?" అని కాంచన అడిగితే తర్వాతి అక్షరం నొక్కాడు.

జవాబు ఆమెకి తెలియకపోలేదు. వాళ్ళ తాతముత్తాతలంతా వేటకి వచ్చే దొరలకి జాడ చూపించినవాళ్ళే. డప్పులు కొట్టి మెకాన్ని తోలినవాళ్ళే. తుపాకులు మోసినవాళ్ళే. కొండ మీది పాత అతిథి బంగళాలో ఒక ఫొటో ఉండేది. చచ్చిన దున్న మీద కాలు పెట్టి ఒక దొర నిలబడి ఉంటాడు. పక్కన గోచీ కట్టుకుని బూదిరెడ్డి తాత. కింద దొర పేరుంది, అతని స్నేహితుల పేర్లున్నాయి, వాళ్ళ కుక్క పేరు కూడా ఉంది. తాత పేరు లేదు. తర్వాత వేటే నేరమైంది. కడుపుకోసం ఒక కణుజు జింకని కొట్టినందుకు బూదిరెడ్డి తండ్రి ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. చీటీల పద్ధతి వచ్చిన ఏడు అప్లికేషన్‌లో "వేటగాడి పేరు" అన్న గడిలో తన పేరు తనే రాసుకుని, ఆ కాగితాన్ని ఆరబెట్టినట్టు కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడట బూదిరెడ్డి.

"మళ్ళీ చేతులు కట్టుకుని కూర్చోడమేగా," అన్నాడు ఆ సాయంత్రం. "ఒక చెయ్యి కట్టుకోనక్కర్లేదు కూడాను."

కాంచన నవ్వలేదు. మర్నాడు సెలవు పెట్టి పట్నం బస్సెక్కింది.

పట్నంలో పెద్దాసుపత్రి వెనక పాత టీబీ వార్డుని బాగుచేసి డాక్టర్ నస్రీన్ ఒక ప్రయోగశాల నడుపుతోంది. నలభై ఐదేళ్ళ మనిషి. ఆమె తండ్రి పక్షవాతంతో పదకొండేళ్ళు మంచాన ఉండి చనిపోయాడు. ఆ పదకొండేళ్ళూ ఆలోచించి ఆమె కనిపెట్టిందే జోడుపట్టీ.

తలకి కట్టుకునే రెండు పట్టీలవి. ఒకటి రోగికి, ఇంకొకటి ఆరోగ్యంగా ఉన్న దగ్గరివాళ్ళకి. రోగి తన పడిపోయిన చెయ్యి ఎత్తాలనుకుంటే రెండోవాళ్ళ చెయ్యి లేస్తుంది. రెండోవాళ్ళ ఒంటికి తగిలింది రోగికి తెలుస్తుంది. అలా రోజూ చేస్తుంటే రోగి మెదడు మరిచిపోయిన దారి మళ్ళీ నేర్చుకుంటుందని డాక్టరు ఆశ. పద్దెనిమిది మంది వస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ మొన్ననే తన చేత్తో తను చెంచా పట్టుకుంది.

బూదిరెడ్డిని తీసుకొచ్చిన రోజున డాక్టరు ఏమీ వివరించలేదు. తండ్రీకూతుళ్ళిద్దరినీ రెండు కుర్చీల్లో కూర్చోబెట్టి, పట్టీలు కట్టి, కాంచన ముందు చల్లటి మంచినీళ్ళ గ్లాసు పెట్టింది.

"బూదిరెడ్డి గారూ, ఆ నీళ్ళు తీసుకోండి."

"అందదు కదమ్మా."

"అందినట్టే అనుకోండి."

కాంచన తన చేతికేసి చూస్తోంది. తను ఏమీ అనుకోలేదు. అయినా చెయ్యి లేచింది. కొంచెం తడబడి, వేళ్ళు గ్లాసు చుట్టూ ముడుచుకున్నాయి. ఆమె ఎప్పుడూ పట్టుకునేట్టు కాదు, చిటికెనవేలు అడుగున ఆనించి. అది తండ్రి పట్టుకునే తీరు. మరిచిపోయిన ఆ తీరుని ఆమె తన చేతిలోనే చూసింది.

"చల్లగా ఉంది," అన్నాడు బూదిరెడ్డి. తర్వాత గదిలో ఎవరూ లేనట్టు ఇంకోసారి అన్నాడు. "చల్లగా ఉందే."

వేట సంగతి చెప్పగానే డాక్టరు నస్రీన్ వద్దంది. ఇది తుపాకులకి చేసింది కాదంది. కాంచన వారం వారం వచ్చి అడిగింది. నాలుగోసారికి డాక్టరే అటవీశాఖకి ఉత్తరం రాసింది. ఎందుకు మనసు మార్చుకుందో అప్పుడు చెప్పలేదు. చాలా కాలం తర్వాత చెప్పింది: ఒక మనిషి కోరిక ఇంకో మనిషి చేతిలో వెంట్రుకవాసి తేడా లేకుండా పనిచేస్తుందని నిరూపించడానికి అంతకన్నా పెద్ద పరీక్ష దొరకదనిపించిందట.

అటవీశాఖ ఒక షరతు పెట్టింది. జోడుపట్టీ యంత్రం ఇద్దరి మెదళ్ళనీ రెండు గీతలుగా రాస్తుంది. తండ్రిది ఎర్రది, కూతురిది నీలం. చెయ్యి కదిలినప్పుడు ముందు ఏ గీత లేచిందో ఆ పని వాళ్ళది. తుపాకీ పేలిన క్షణాన ముందు ఎర్రగీతే లేవాలి. నీలం లేస్తే కాంచన చీటీ లేకుండా వేటాడినట్టు. దానికి మూడేళ్ళ జైలు.

డాక్టరు కూడా ఒక షరతు పెట్టింది. "మొత్తం ముప్పై గంటలు. అంతకు మించి ఎవరిమీదా వాడలేదు నేను. వాగు ఒకేచోట పారితే గట్టు కోసుకుపోతుంది కాంచనా. మీ నాన్న చెయ్యి నీ చేతిలో ఎంతసేపుంటే అంత మిగిలిపోతుంది. మంచిదే మిగులుతుందని చెప్పలేను."

సాధన కోసం పట్టీలు ఇంటికి తెచ్చుకున్నారు. రోజూ పొద్దున్న ఒక అరగంట, గుండ్లు లేని తుపాకీతో, చింతచెట్టుకి కట్టిన గుడ్డపేలిక మీద గురి. బూదిరెడ్డి అరుగు మీద కళ్ళద్దాల్లాంటి తెర పెట్టుకుని కూర్చునేవాడు. కాంచన నుదుటి మీది చిన్న కెమెరాలోంచి ఆమె చూసేది అతనికి కనిపించేది. నాలుగు రోజుల్లో గురి కుదిరింది.

ఐదో రోజు సాధనయ్యాక పట్టీ తీయబోతుంటే బూదిరెడ్డి అన్నాడు, "అమ్మీ, ఒక్కసారి వాగుదాకా వెళ్ళొస్తావా? అలాగే."

వెళ్ళింది. చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగమన్నాడు. దిగింది. పాదాల కింద గులకరాళ్ళు జారుతుంటే చెవిలోని చిన్న స్పీకర్లోంచి తండ్రి ఊపిరి వినిపించింది. ఆమె గంటసేపు నీళ్ళలోనే నడిచింది.

ఆ తర్వాత రోజుకొకటి. విస్తరి కోసం అడ్డాకులు దగ్గరికి చేర్చి పుల్ల గుచ్చడం. పోడు పొలం ముక్కలో తడిమట్టి పిసకడం. తల్లిని పాతిపెట్టిన చోట రాయి మీద చెయ్యి పెట్టి కూర్చోవడం. అక్కడ అతను ఎంతసేపు కూర్చోమన్నాడో కాంచన గడియారం చూడలేదు. వేట సంగతి ఇద్దరూ మాట్లాడుకోవడం తగ్గింది. పెద్దయ్యాక తండ్రితో ఆమె అన్ని గంటలు ఎప్పుడూ గడపలేదు.

మిగిలిపోతుందని డాక్టరు అన్నది నిజమే. మొదట వచ్చినవి చిన్న చిన్నవి. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాంచనకి చుట్ట కాల్చాలనిపించేది, జన్మలో చుట్ట ముట్టనిదానికి. ఒకరోజు తండ్రిని లేపి మంచం మీదకి చేరుస్తుంటే, పట్టీ లేకుండానే, పొట్టలో ఏదో ముడుచుకుపోయినట్టయింది. అది సిగ్గని అర్థమవడానికి కాసేపు పట్టింది. రెండేళ్ళుగా తను లేపిన ప్రతిసారీ అతను పడుతున్నదే అది. ఆ రోజు నుంచి లేపేటప్పుడు ఆమె అతని మొహంకేసి చూడడం మానేసింది.

తర్వాత చెయ్యి మొదలుపెట్టింది.

డిసెంబరు మూడోవారంలో ఒక స్లైడు వేళ్ళమధ్యనుంచి జారి పగిలింది. మర్నాడు ఇంకోటి. నెత్తుటి చుక్క పరుస్తుంటే అంచు వంకర్లు తిరుగుతోంది. బొటనవేలూ చూపుడువేలూ అప్పుడప్పుడూ ఆమె మాట వినడం లేదు. బట్టలు ఉతికేటప్పుడు కుడిచెయ్యి బరువెక్కి ఒళ్ళో పడేది, తండ్రి చెయ్యి అతని ఒళ్ళో పడి ఉన్నట్టే. ఇంట్లో చెప్పలేదు. కూర ఎడమచేత్తో తరిగి, "వేలు తెగింది" అని గుడ్డ కట్టుకుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు దాచడానికి కుదరలేదు. యంత్రం మీటరులో నలభై ఒక్క గంటలున్నాయి. నస్రీన్ ఆమె చేతికి పట్టు కొలిచే పరికరం ఇచ్చి నొక్కమంది. చూసి, మళ్ళీ నొక్కమంది.

"మూడో వంతు పోయింది. నీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది మేడమ్."

"ఇక ఆపేద్దాం. ఇప్పుడు ఆపితే కొంతైనా తిరిగొస్తుంది."

"వేట ఇంకో తొమ్మిది రోజుల్లో. నాలుగు గంటల పని. ఆ తర్వాత పట్టీ జన్మలో పెట్టుకోను. నానకి మాత్రం చెప్పొద్దు మేడమ్. చెబితే రాడు."

"నీ పని చేతులతో చేసేది కదమ్మా."

"ఆయనది పంతొమ్మిదేళ్ళు."

డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. వార్డులో, చెంచా పట్టుకున్నావిడ కూతురు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. నస్రీన్ వెనక్కి వచ్చి, మీటరున్న తెర మూసేసి, "జాగ్రత్తగా ఉండు," అంది. అంతే. బూదిరెడ్డికి ఫోను చెయ్యలేదు.

జనవరి ఆరో తారీకు పొద్దున్న మంచు విడవకముందే జీపు కొండ మీది బాట చివర ఆగింది. రేంజరు బొడ్డేపల్లి ధర్మారావు దిగాడు. పొడుగాటి, నిదానమైన మనిషి. కాంచనా అతనూ నడిచి వెళ్ళాలి. బూదిరెడ్డి జీపులోనే, పక్కన డాక్టరు యంత్రంతో. పట్టీలోంచి స్పర్శ వస్తుంది, కదలిక పోతుంది, మాట పోదు. అందుకని తండ్రీకూతుళ్ళిద్దరి చెవుల్లోనూ, రేంజరు చెవిలోనూ స్పీకర్లున్నాయి.

వాళ్ళ చీటీలో రాసింది ముప్పై ఒకటో నంబరు దున్న. ఇరవై రెండేళ్ళది. ఎడమకొమ్ము సగానికి విరిగింది. పళ్ళు అరిగిపోయాయి, ఎండాకాలం దాటదని రేంజరు చెప్పాడు. మందలోంచి కుర్రదున్నలు తరిమేసి మూడేళ్ళయింది.

బూదిరెడ్డి దారి చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళలో ఆ గొంతు అలా వినలేదు కాంచన. "ఎడమకి దిగు. రాళ్ళమీద కాదు, ఆకు తడిగా ఉన్నచోట అడుగెయ్యి. గాలి చూసుకో, మెడ మీద తెలుస్తుంది. అదీ. పేడ ముట్టుకో." ముట్టుకుంది. "పొద్దున్నది. వెదురు దాటి నీళ్ళకి పోయుంటది."

గంటంబావు నడిచాక దున్న కనిపించింది. వాగు ఒడ్డున ఒంటరిగా నిలబడి ఉంది. నల్లటి ఒంటి మీద మంచు ఆవిరవుతోంది. కాళ్ళు మోకాళ్ళ కింద తెల్లగా, మేజోళ్ళు తొడిగినట్టు. ఇంత పెద్ద ప్రాణాన్ని ఇంత దగ్గరగా కాంచన ఎప్పుడూ చూడలేదు. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించింది. అది తనదో, జీపులో కూర్చున్న మనిషిదో తెలియలేదు.

రేంజరు కొమ్మల మధ్య రెండు కాళ్ళ ఆసరా నిలబెట్టాడు. ఆమె తుపాకీ దానిమీద ఆనించింది. చెయ్యి తండ్రికి వదిలేసింది. వదిలెయ్యడం ఆమెకి అలవాటైపోయింది, నిద్రలోకి జారినట్టుంటుంది.

చెయ్యి తుపాకీ మీదకి వెళ్ళింది. చూపుడువేలు ట్రిగ్గరు దగ్గరికి చేరింది. చేరి వణికింది.

ఆ వణుకు ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. వేలు బలంలేక జారుతోంది. బూదిరెడ్డి రెండేళ్ళకి పైగా తన ఒంట్లో మోసిన బలహీనత అది. దాన్ని పోల్చుకోవడానికి అతనికి ఒక్క క్షణం చాలింది.

"అమ్మీ," అన్నాడు చెవిలో. "నీ చెయ్యేమయింది?"

దున్న తల ఎత్తింది.

"వేలు తెగడం కాదన్నమాట. ఎన్నాళ్ళ నుంచి?"

దున్న వాళ్ళున్న వైపే చూస్తోంది. రేంజరు ఊపిరి బిగబట్టాడు.

"దించెయ్," అన్నాడు బూదిరెడ్డి. "చాలమ్మా. దించెయ్."

అతని పట్టు వేలిమీద నుంచి తొలగిపోవడం ఆమెకి తెలిసింది, ఎవరో గది దాటి వెళ్ళిపోయినట్టు. దున్న ముందుకాలు తిప్పింది. ఇంకో అడుగేస్తే వెదురు చాటుకి పోతుంది. తర్వాత ఏమీ ఉండదు. పాయింట్లు సున్నా. ఇంకో పంతొమ్మిదేళ్ళకి అతనుండడు. తండ్రిని లేపేటప్పటి ఆ సిగ్గు మళ్ళీ వచ్చింది.

తుపాకీ పేలింది.

దున్న నిలబడే ఉంది. ఏదో గుర్తొచ్చినట్టు రెండడుగులు నీళ్ళలోకి వేసింది. మోకాళ్ళు వంచింది. తర్వాత పక్కకి ఒరిగింది. నీళ్ళు దాని చుట్టూ తిరిగి మళ్ళీ పారడం మొదలుపెట్టాయి. కాంచన తుపాకీ రేంజరుకిచ్చి, దున్న దగ్గరికి వెళ్ళి మెడ మీద చెయ్యి పెట్టింది. వేడిగా ఉంది. చెవిలో తండ్రి ఏడుపు వినిపిస్తోంది. ఆమె చెయ్యి తీయలేదు.

వారం తర్వాత రేంజి ఆఫీసులో విచారణ జరిగింది. అప్పటికి నియమం ప్రకారం దున్న మాంసం చుట్టుపక్కల ఐదూళ్ళకీ పంచారు.

ధర్మారావు చెడ్డవాడు కాదు, కానీ విన్నది విన్నట్టు రాసేవాడు. "పెద్దాయనా, నువ్వు 'దించెయ్' అన్నావు. నా చెవుల్తో విన్నాను. ఆ తర్వాత పేలింది. దించమన్నవాడివి నువ్వైతే పేల్చిందెవరు?"

"గురి కాస్త పైకుంది బాబూ," అన్నాడు బూదిరెడ్డి తడుముకోకుండా. "తుపాకీ మూతి దించమన్నాను. దించింది. పేల్చాను."

"'చాలు' అని కూడా అన్నావు."

"దించింది చాలన్నాను."

"చెయ్యేమయిందని అడిగావు కదా?"

"వణికితే అడగనా? నా బిడ్డ చెయ్యది."

కాంచన నోరు తెరవబోయింది. బూదిరెడ్డి ఎడమచెయ్యి ఆమె మోకాలి మీద పడింది. గట్టిగా.

రేంజరు డాక్టరుకేసి తిరిగాడు. "మేడమ్, మీ యంత్రం ఏమంటుంది?"

నస్రీన్ కాగితం బల్లమీద పరిచింది. ఎర్రగీత ముందు లేచిందని ఆమె అంటే ఆ గదిలో కాదనగలిగేవాళ్ళు లేరు. ఆ గీతలు చదవడం వచ్చింది ఆమెకొక్కతికే. వారం రోజులుగా ఆమె ఆ కాగితం ముందే కూర్చుంది.

"అది చెప్పలేకపోతోంది," అంది. "రెండు గీతలూ ఒకేసారి లేచాయి. ఇంకా వెనక్కి వెళ్ళి చూస్తే, ఆ గంటలో చాలా చోట్ల రెండూ ఒకే గీత. ముప్పై గంటలు దాటకూడదని నేనే పెట్టాను. నలభై ఒకటి అయ్యాయని వేటకి తొమ్మిది రోజుల ముందే నాకు తెలుసు. ఈ అమ్మాయి చెయ్యి పోతోందనీ తెలుసు. తెలిసి ఊరుకున్నాను. అది కూడా రాసుకోండి."

ధర్మారావు రాసుకున్నాడు. చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుని, చివరికి, యంత్రం సాక్ష్యం ఏ పక్కా తేలనందున చీటీదారుడి వాంగ్మూలాన్నే తీసుకుంటున్నానని రాసి సంతకం పెట్టాడు. వేటగాడి పేరు: పల్లాల బూదిరెడ్డి. ఒక నకలు అతని ఒళ్ళో పెట్టాడు. బూదిరెడ్డి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చదవలేదు.

ఎవరి కోరిక ఎవరిదో చెప్పలేని యంత్రాన్ని మనుషుల మీద వాడనివ్వకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పట్టీలన్నీ పెట్టెలో పెట్టి సీలు వేశారు. కాంచన చేతి పరీక్షకని ప్రయోగశాలకి వెళ్ళినరోజున చెంచా పట్టుకున్నావిడ వరండాలో కూతురితో కూర్చుని ఉంది. సంగతి తెలియక వచ్చారు. "మళ్ళీ ఎప్పుడు తెరుస్తారమ్మా?" అని ఆవిడ కాంచననే అడిగింది. కాంచన ఆవిడ పక్కనే బల్లమీద కూర్చుండిపోయింది. ఆ రోజు చెయ్యి చూపించుకోకుండానే తిరిగి వచ్చేసింది.

చుట్ట కోరిక రెండు నెలలకి పోయింది. చెయ్యి సగమే తిరిగొచ్చింది. మైక్రోస్కోపు పని ఇంకొకరికి ఇచ్చి ఆమెని ఊళ్ళు తిరిగి జ్వరాల వివరాలు సేకరించే పనిలో వేశారు. స్లైడు చూసే కళ్ళు ఆమెకే ఉన్నాయనీ, అనుమానం వచ్చినప్పుడల్లా పిలిచి చూపిస్తామనీ ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు అన్నాడు. పిలుస్తూనే ఉన్నాడు.

ఇంట్లో ఆ రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడు నెలలు గడిచాయి. ఎండలు ముదిరి చింతపండు కొట్టే రోజులొచ్చాయి.

ఒక ఆదివారం పొద్దున్న ఇద్దరూ అరుగు మీద కూర్చుని గింజ తీస్తున్నారు. బూదిరెడ్డి ఎడమచేత్తో కాయని బండ మీద పట్టుకుంటే కాంచన ఎడమచేత్తో చిన్న ఇనపకడ్డీతో కొడుతోంది. ఆమె దెబ్బ ఒక్కోసారి పక్కకి పోతోంది. అతను వేళ్ళు వెనక్కి తీయడం లేదు.

"నానా," అంది కాంచన. "పేల్చింది నేనే."

బూదిరెడ్డి కాయలోంచి పీచు లాగుతున్నాడు.

"నువ్వు వదిలేశావు. నాకు తెలిసింది. వదిలేశాకే నేను నొక్కాను. వద్దన్న మాట వినబడి కూడా నొక్కాను. ఆఫీసులో నాకోసం అబద్ధం చెప్పావు నువ్వు."

"నీ వేలు ముడుచుకోవడం నాకు తెలుసమ్మా," అన్నాడతను. గొంతు మామూలుగానే ఉంది. "జీపులో కూర్చునే తెలిసింది. మెల్లగా ముడుచుకుంది, బలం లేదు కదా దానికి. నేను మళ్ళీ దాన్ని పట్టుకుని తెరిచి ఉండొచ్చు. గుటక మింగేంత టైముంది."

కాంచన కడ్డీ పక్కన పెట్టింది.

"డాక్టరమ్మ గీతలు చూసి చెప్పలేనంది. నేను చెప్పగలను. నీ చెయ్యి పాడవుతోందని తెలిసి, దించెయ్ అని నోటితో అన్నాను. మంచి తండ్రి అనేదే అన్నాను. నీ వేలు కదిలినప్పుడు మాత్రం ఆపలేదు." పీచు లాగిన కాయని చూసుకుంటూ ఇంకోసారి అన్నాడు. "ఆపలేదు."

వీధిలోంచి ఎవరో పలకరించి వెళ్ళారు, ఇద్దరూ తలలూపారు. తర్వాత ఆమె ఇంకో కాయ తీసి బండ మీద పెట్టింది. బూదిరెడ్డి దాన్ని పట్టుకున్నాడు. ఆమె కడ్డీ అందుకుని, ఈసారి ఇంకా మెల్లగా కొట్టింది.